రోహిణీ కార్తెలో మన గొడ్డూ గోదా

రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళ సామెత. రోలు సంగతి సరే, ఆ రోటి పక్కనే గుంజకు కట్టేసి ఉన్న గేదె సంగతేమిటని మాత్రం ఎవరూ సామెత కట్టినట్లు లేదు. వేసవి వచ్చిందంటే పేపర్లూ రేడియో మనుషులకు జాగ్రత్తలు చెబుతూనే ఉంటాయి. గొడుగు వేసుకోండి, మజ్జిగ తాగండి, పన్నెండు దాటాక బయటికి వెళ్ళకండి అని. 2015 మే నెల వడగాడ్పుల్లో మన రాష్ట్రంలోనూ తెలంగాణలోనూ కలిపి రెండు వేల మందికి పైగా చనిపోయారని పత్రికలు లెక్క వేశాయి. అంత ఎండలో నీడకు పోదామన్నా మెడలో పలుపు ఉన్న జీవాల మాటేమిటన్నదే ఈ వ్యాసం.

నాది గుడివాడ దగ్గర ఒక పల్లె. మాకు కొద్దిపాటి మాగాణి, మూడు పాడిగేదెలు ఉన్నాయి. వరి డబ్బు చేతికి రావాలంటే పంట ఇంటికి రావాలి. పాలడబ్బు పదిరోజులకోసారి వస్తుంది. నా కాలేజీ ఫీజైనా, బస్సు పాసైనా, ఈ వ్యాసం రాస్తున్న పెన్నైనా ఆ పాలడబ్బులోంచి వచ్చినవే. కాబట్టి పెంపుడు జంతువులంటే నాకు ముందుగా గుర్తొచ్చేది గేదె. కుక్కా, కోడీ తరవాత. పట్నం మిత్రులు మన్నించాలి.

గేదెకు ఎండంటే ఎందుకు పడదు?

ఒంట్లోని వేడి బయటికి పోవడానికి నాలుగు దారులున్నాయని మనం ఇంటర్మీడియట్‌లోనే చదివాం. అవి వహనం, సంవహనం, వికిరణం, బాష్పీభవనం. వీటిలో మొదటి మూడూ పని చెయ్యాలంటే చుట్టూ ఉన్న గాలి ఒంటికన్న చల్లగా ఉండాలి. గేదె ఒంటివేడి సుమారు 38.5 డిగ్రీల సెంటీగ్రేడు, అనగా 101 డిగ్రీల ఫారన్‌హీటు. బయట 40 డిగ్రీలు దాటిన రోజున ఆ మూడు దారులూ మూసుకుపోవడమే కాదు, ఎదురు తిరుగుతాయి. వేడి బయటినుంచి లోపలికి వస్తుంది. ఇక మిగిలింది బాష్పీభవనం ఒక్కటే. చెమట పట్టి ఆరాలి, లేదా రొప్పాలి.

గేదెకు వచ్చిన చిక్కు ఇక్కడే. దాని చర్మంలో స్వేదగ్రంథులు ఆవు చర్మంలో ఉన్నవాటిలో సుమారు ఆరోవంతే ఉంటాయి. పైగా తోలు నలుపు, వెంట్రుకలు పలచన. ఎండను అడ్డే కవచం లేదు, పీల్చే రంగు మాత్రం ఉంది. మన ఒంగోలు గిత్త ఇందుకు పూర్తిగా వేరు. తెల్లని పొట్టి వెంట్రుకలు, వేలాడే గంగడోలు, చెమటపట్టే చర్మం దానికి ఉన్నాయి. అందుకే ఆ జాతి సముద్రాలు దాటి బ్రెజిల్ వెళ్ళి, అక్కడ ‘నెలోరె’ అనే పేరుతో లక్షోపలక్షలుగా వర్ధిల్లింది. చల్లని దేశపు జెర్సీ రక్తం కలిసిన సంకరజాతి ఆవు మాత్రం ఎండకు గేదెలాగే కష్టపడుతుంది.

మరి ప్రకృతి గేదెకు అన్యాయం చేసిందా అంటే, లేదు. చెమటకు బదులు చెరువును ఇచ్చింది. నీరు వేడిని గాలికన్న ఇరవై రెట్లకు పైగా వేగంగా లాక్కుపోతుంది. మెడదాకా మునిగి గంటసేపు పడుకుంటే ఒంట్లో వేడంతా చెరువుకు అప్పజెప్పి వస్తుంది. ఒంటికి పట్టిన బురద తడి ఆరేదాకా చల్లదనం ఇస్తుంది, ఆరాక ఈగల్ని ఆపుతుంది. గేదె బురదలో పొర్లడం మొద్దుతనం కాదు మిత్రులారా, అది దాని శరీరధర్మం.

బందరులో 38, ఎగువన 42

మెట్ట ప్రాంతంలో 42 డిగ్రీలట, మన బందరులో 38 డిగ్రీలేగదా, మనకేం ఫర్వాలేదు అనుకోవడం మామూలే. ఇక్కడ లెక్కలోకి తీసుకోవలసింది గాలిలో తేమ. పశువులకు పట్టే వేడిని కొలవడానికి ఉష్ణోగ్రతనూ తేమనూ కలిపిన సూచిక ఒకటుంది. అది 72 దాటితే పాడిపశువుకు ఇబ్బంది మొదలవుతుందని స్థూలంగా చెబుతారు. ఆ సూత్రంతో నేను లెక్క కట్టి చూశాను. 42 డిగ్రీలు, 25 శాతం తేమ ఉన్న చోట సూచిక సుమారు 87. 38 డిగ్రీలు, 50 శాతం తేమ ఉన్న చోట సుమారు 89. అంటే థర్మామీటరు తక్కువ చూపించే చోటే గొడ్డుకు బాధ ఎక్కువ! గాలి అప్పటికే తడిగా ఉంటే చెమటైనా ఊపిరి తడైనా ఆవిరికాలేదు మరి.

మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందంటే కాస్త ప్రాణం లేచివస్తుంది. పడమటి గాలి బలంగా తోలి దాన్ని రానివ్వని రోజులే మనకు అసలైన వడగాడ్పు రోజులు. అటువంటి రోజుల్లో రాత్రి కూడా ఉక్క తగ్గదు. పగలు కూడబెట్టిన వేడిని గేదె రాత్రిపూట వదులుకోవాలి. ఆ వ్యవధి దొరక్కపోతే మర్నాటి అప్పు మొదటిరోజు అప్పుమీద పడుతుంది. మూడు నాలుగు రోజులు వరసగా ఇలా సాగితే మేత మానేస్తుంది, పాలు తగ్గుతాయి. వేసవిలో ఎదకు వచ్చినా అరవదు, లక్షణాలు బయటపడవు. దీన్నే మూగ ఎద అంటారు. ఆ ఎద తప్పిపోతే ఈత వెనక్కిపోతుంది, ఈత వెనక్కిపోతే అన్ని నెలల పాడి పోయినట్టే. రైతు ఇంట్లో ఎండ నష్టం వేసవితో అయిపోదు.

చెరువు ఎవరిది?

మన డెల్టాకు నీళ్ళు బెజవాడ నుంచి వస్తాయి. 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని తరవాత 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ మన కాలువలకు తల్లులు. అయితే వేసవిలో కాలువలు కట్టేస్తారు. కట్టేముందు ఊరి మంచినీటి చెరువులు నింపుకుంటాం. ఆ చెరువులో గొడ్లను దింపకూడదు, దింపకపోవడమే న్యాయం. ఇక మిగిలిన పెద్దచెరువును చాలా ఊళ్ళలో చేపలకు పాటకు ఇచ్చారు. మా ఊళ్ళోనూ అంతే. పాట డబ్బుతో వీధిదీపాలు వెలుగుతున్నాయి, డ్రైన్లు బాగుపడ్డాయి, కాదనను. పాట పాడినవాళ్ళు గొడ్లను దిగనివ్వకపోవడంలోనూ వాళ్ళ కారణం వాళ్ళకుంది. కాని ఆ పాటలో గేదె వాటా ఎవరూ లెక్క వెయ్యలేదు. చెరువుకు ఒక మూల నాలుగు సెంట్ల మేర వల కట్టి గొడ్లరేవుగా వదిలేస్తే ఇద్దరికీ నష్టం లేదు. పాట షరతుల్లోనే ఆ మాట ముందుగా రాయించుకోవాలి. గ్రామసభలో నోరు విప్పవలసిన చదువుకున్న కుర్రకారు మనమే గదా!

దివిసీమ సంగతి ఇంకా కష్టం. మా క్లాసులో నాగాయలంక వైపు మిత్రుడొకడు చెబుతుంటాడు, వేసవిలో అక్కడి బోరునీళ్ళు గేదె మూతిపెట్టి వెనక్కి తీసుకుంటుందని. ఏటిలో పైనుంచి నీరు రాకపోతే సముద్రం పైకి ఎగదన్నుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తాగేనీటిలో 7 గ్రాములు దాటితే చూడిగేదెకూ పాడిగేదెకూ మంచిది కాదు. మన కెమిస్ట్రీ లేబొరేటరీలో క్లోరైడు టైట్రేషను చెయ్యని విద్యార్థి ఉండడు. సెలవులకు వెళ్ళేటప్పుడు ఊరి నీటిని ఒక సీసాడు తెచ్చి పరీక్షిస్తే ఆ ప్రయోగం రికార్డు బుక్కు దాటి ఊరికి పనికొస్తుంది.

చెయ్యగలిగిన పనులు

మొదటిది నీరు. పాడిగేదె వేసవిలో రోజుకు 60 నుంచి 80 లీటర్లు, ఒక్కోసారి అంతకు మించి తాగుతుంది. రెండుపూటలా కుడితి పెట్టాం గదా అంటే చాలదు. తొట్టి నీడలో ఉండాలి, ఎప్పుడూ నిండుగా ఉండాలి. ఎండకు కాగిన నీరు పశువు సరిగా తాగదు. కుడితిలో గుప్పెడు ఉప్పు వెయ్యడం మా మామ్మ నాటి అలవాటు. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదుగాని, ఒంట్లోంచి పోయిన లవణాలను తిరిగి ఇవ్వాలన్న సంగతి ఆవిడకు తెలుసు.

రెండోది ఒళ్ళు తడపడం. చెరువు లేనప్పుడు ఇదే గతి. ఇక్కడ చిన్న లెక్కుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కిలోకాలరీల వేడి కావాలి. ఆ వేడంతా ఒంటినుంచే తీసుకుంటే, 400 కిలోల గేదె ఉష్ణోగ్రత ఒకటిన్నర డిగ్రీలకు పైగా దిగాలి. అయితే నీరు ఆవిరైతేనే ఈ లెక్క. కిందికి కారిపోయిన నీరు ఇందులోకి రాదు. కాబట్టి ఒకేసారి నాలుగు బిందెలు గుమ్మరించడంకన్న, గంటకోసారి కాస్త కాస్త తడిపి గాలి తగలనివ్వడం మేలు. తడి గోనెపట్టా కప్పి గాలి ఆడని మూల కట్టేస్తే ఉక్క పెరుగుతుందేగాని తగ్గదు.

మూడోది నీడ. పూర్వం తాటాకు పాకలుండేవి. ఇప్పుడు రేకుల షెడ్లు వచ్చాయి. వానకు మంచివే, ఎండకు మాత్రం పెనం బోర్లించినట్టుంటాయి. రేకుమీద సున్నం కొట్టినా, కింద తాటాకులతో అటక కట్టినా వేడి బాగా తగ్గుతుంది. కొత్తగా కట్టేవారు పొడుగు తూర్పు పడమరలుగా ఉండేట్టు కట్టుకుంటే పొద్దుటి ఎండా సాయంత్రపు ఎండా లోపలికి ఎక్కువగా రావు. ఏ షెడ్డూ చెట్టునీడకు సాటిరాదు. నిద్రగన్నేరు, కానుగ, వేప, ఏదైనా ఒకటి ఈ తొలకరికి పాతితే కొన్నేళ్ళకు గొడ్డుకు నీడవుతుంది.

నాలుగోది మేత. ఎండుగడ్డి పొట్టలో పులిసి అరిగేటప్పుడు చాలా వేడి పుడుతుంది. ఎండుగడ్డి రాత్రిపూట, తెల్లవారుజామున వెయ్యాలి. పగలు పచ్చిమేత మంచిది. వరి తరవాత చల్లే పిల్లిపెసర, జనుము మన డెల్టా రైతుకు దొరికిన వరాలు.

పచ్చిమేతలో ఒక్కదానితో జాగ్రత్త. నీరందక గిడసబారిన లేతజొన్నలోనూ, కోసిన మోళ్ళనుంచి లేచిన పిలకల్లోనూ సైనైడు విషం తయారవుతుంది. దీన్నే మన రైతులు నాము అంటారు. తిన్న కొద్ది నిమిషాల్లోనే పశువు ఊపిరాడక పడిపోవచ్చు. పూతకొచ్చాక, నీరు పెట్టిన చేలోంచి కోసిందే వెయ్యాలి. నాము తిన్నదని అనుమానం రాగానే పశువైద్యుణ్ణి పిలవాలి, దానికి విరుగుడు ఇంజెక్షను ఉంది.

ఇంకొక శత్రువు అగ్గి. వేసవిలో గడ్డివామి, తాటాకు పాక, కరెంటు తీగ ఒకచోట ఉండరాదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పలుపులు విప్పే వ్యవధి లేక గుంజల దగ్గరే పోయిన గొడ్ల సంగతి దివిసీమ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. నీటికైనా నిప్పుకైనా పాఠం ఒకటే. పలుపు జారుముడి వెయ్యాలి. ఒక్క లాగుకు ఊడిరావాలి.

వడదెబ్బ తగిలితే

నోరు తెరిచి రొప్పడం, చొంగ కారడం, కళ్ళు ఎర్రబడడం, తూలడం దీని గుర్తులు. థర్మామీటరు పెడితే 104 దాటి ఉంటుంది. వెంటనే నీడకు చేర్చి తలమీద, మెడమీద, ఒంటిమీద నీళ్ళు పోస్తూ విసరాలి, ఫ్యానుంటే పెట్టాలి. తాగగలిగితే ఉప్పూ బెల్లమూ కలిపిన నీళ్ళు ముందు పెట్టాలి. అంతేగాని గొట్టంతో బలవంతంగా నోట్లో పొయ్యకూడదు. రొప్పుతున్న గొడ్డుకు ఆ నీరు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వడదెబ్బతో బతికిన గొడ్డు దానితో పోవచ్చు. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. పెద్ద వైద్యం కావలసివస్తే గన్నవరంలో 1998లో స్థాపించిన పశువైద్య కళాశాల మనకు దగ్గరే. తొలకరి వానలకు ముందే గొంతువాపు టీకా వేయించడం మరవరాదు. వేసవికి నీరసించిన గేదెమీద ఆ రోగం ముందుగా పడుతుంది.

కుక్కా, కోడీ

కుక్కకు చెమట పాదాల అడుగున తప్ప దాదాపు పట్టదు. నాలుక చాచి రొప్పడమే దాని చలువయంత్రం. అందుచేత మూతికి గుడ్డ బిగించి కట్టడం, తలుపులు వేసిన కారులో వదిలెయ్యడం దాన్ని చంపడంతో సమానం. మూతి చప్పిడిగా ఉండే పగ్ వంటి జాతులకు మరీ కష్టం. మధ్యాహ్నం తారురోడ్డుమీద మీ అరచెయ్యి ఐదు సెకన్లు ఆన్చి చూడండి. మీరు ఆన్చలేకపోతే అదీ నడవలేదు. వేసవిలో గోమార్లు పెరుగుతాయి, చెవుల వెనక వెతికి తీసెయ్యాలి. హాస్టలు పంపు దగ్గర తడినేలలో గొయ్యి తవ్వుకుని పడుకునే కుక్కను రాయితో అదిలించే మిత్రులు దాని థర్మోడైనమిక్స్‌ను కాస్త గౌరవించాలి.

కోడికి అసలు స్వేదగ్రంథులే లేవు. దాని ఒంటివేడి మామూలుగానే 41 డిగ్రీల పైన. రెక్కలు దూరంగా పెట్టి నోరు తెరిచిందంటే ఆపదలో ఉన్నట్టే. పగటి దాణా తగ్గించి ఉదయం సాయంత్రం వెయ్యాలి, చల్లని నీరు దగ్గరుంచాలి. గంపకింద మూసిపెట్టేటప్పుడు ఆ గంప ఉదయం నీడలో ఉందా అని కాదు, మధ్యాహ్నానికి ఎక్కడుంటుందో చూసుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! పరీక్షలు కాగానే మనలో సగంమంది పల్లెలకే వెళతాం. ఈ సెలవుల్లో మనం చెయ్యగల పనులు మూడున్నాయి. ఇంటి తొట్టిని నీడలోకి జరపడం ఒకటి, దాని పలుపుకు జారుముడి వెయ్యడం రెండోది. మూడోది గ్రామసభలో గొడ్లరేవు మాట ఎత్తడం. మొదటి రెంటికీ పది నిమిషాలు చాలు. మూడోదానికి ఒకటి రెండు వేసవులు పట్టవచ్చు. అయినా అడుగుదాం. పాలకేంద్రంలో మన పాలు కొలిచేటప్పుడు వెన్నశాతం పాయింటు తగ్గినా ఒప్పుకోం గదా, ఆ పాలిచ్చే దాని నీటివాటా దగ్గర మాత్రం ఎందుకు ఊరుకోవాలి?