లిస్టులో తాలు ఏరకపోతే రైతు పేరే రాలిపోద్ది

కల్లంలో మిరపకాయ ఎండాక ఎవరైనా ఉన్నదున్నట్టు టిక్కీల్లో తొక్కుతారా? తాలు కాయ ఏరి పక్కన పోశాకే గుంటూరు యార్డుకి తోలతారు. లిస్టుల కాడికొచ్చేసరికి మాత్రం మనకి ఆ ఓపిక ఉండదు. వాట్సాప్‌లో వచ్చింది వచ్చినట్టు కాపీ కొట్టి డేటాబేస్‌లో పడేస్తన్నాం.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అట్టాంటి తుపాను వచ్చినప్పుడల్లా పత్తి, మిరప నష్టం లెక్కలు రాస్తారు. ఒక ఊరి లిస్టు ఎక్సెల్‌లో ఉంటే ఇంకో ఊరిది పీడీఎఫ్‌లో ఉండిద్ది. వాటిని కంప్యూటర్‌లో సరిచూసే పని చాలాసార్లు మనలాంటి కుర్రోళ్ళకే పడిద్ది. అందుకే ఈ సంగతి తెలిసుండాలి.

ఎస్‌క్యూఎల్‌లో 'ఇన్' అనే మాట ఉంది. దాని పక్కన బ్రాకెట్లో లిస్టు ఇస్తే, అందులో ఉన్నోళ్ళ వివరాలు బయటికొస్తయి. ఒక్కోదానికి రెండు పక్కలా సింగిల్ కోట్, మధ్యలో కామా పెట్టాలి: ఇన్ ('102/3', '102/4', '115/1'). డేటాబేస్ మనిషిలాగా "రెండూ ఒకటేలే" అని సర్దుకోదు. '102/3' వేరు, ముందు ఖాళీ ఉన్న ' 102/3' వేరు. తేడా ఉంటే ఎర్రర్ కూడా చూపించదు. ఆ రైతు వరస రాదు, అంతే. అసలు ప్రమాదం అదే.

ఇంక తాలు రకాలు చూద్దాం.

ఒకటి, కనపడని ఖాళీలు. వెబ్ పేజీ నించి కాపీ చేస్తే 'నాన్ బ్రేకింగ్ స్పేస్' అనేది అంటుకొచ్చిద్ది. ఎక్సెల్‌లో ట్రిమ్ కొట్టినా అది పోదు. ఆ ఖాళీనే కాపీ చేసి, ఫైండ్‌లో పేస్ట్ చేసి, రీప్లేస్‌లో ఏమీ పెట్టకుండా తీసెయ్యాలి. ఆ తర్వాత ట్రిమ్ కొట్టాలి.

రెండు, సర్వే నంబర్లు. 12/3 అని కొడితే ఎక్సెల్ దాన్ని తారీఖు అనుకునిద్ది. ఈ బాధ మనొక్కళ్ళదే కాదు. మార్చ్1, సెప్ట్1 అనే జన్యువుల పేర్లు ఇట్టాగే తారీఖులైపోతన్నాయని శాస్త్రవేత్తలు 2020లో ఏకంగా పేర్లే మార్చుకున్నారు. మనం సర్వే నంబరు మార్చుకోలేం గదా! అందుకని పేస్ట్ చెయ్యకముందే ఆ కాలమ్‌ని 'టెక్స్ట్' చెయ్యాలి. ఒకసారి తారీఖు అయిపోయిందంటే ఇంక దాన్ని నమ్మొద్దు, అసలు కాగితం చూడాల్సిందే.

మూడు, పొడుగు నంబర్లు. ఎక్సెల్ 15 అంకెల వరకే గుర్తు పెట్టుకునిద్ది. 16వ అంకె నించి సున్నా చేసిద్ది. ముందున్న సున్నాలు మింగిద్ది. బ్యాంకు ఖాతా నంబరు ఇట్టా మారితే డబ్బులెక్కడికి పోతయ్? దీనికీ మందు 'టెక్స్టే'.

నాలుగు, ఒకే సరుక్కి నాలుగు పేర్లు. లాం ఫారం మిరప రకాన్ని ఒకరు '334' అంటారు, ఇంకొకరు 'ఎల్‌సీఏ 334' అంటారు. డేటాబేస్‌కి అయి రెండు రకాలు. ముందే ఒక పేరు ఖాయం చేసుకోవాలి.

అయిదోది అన్నిటికన్నా మోసకారి. "డబ్బులు పడనోళ్ళు ఎవరు?" అని 'నాట్ ఇన్'తో అడిగామనుకోండి. డబ్బులు పడ్డోళ్ళ టేబుల్‌లో ఒక్క గడి ఖాళీగా, అంటే 'నల్'గా ఉన్నా చాలు, జవాబు సున్నా వరసలు వచ్చిద్ది. "అందరికీ పడ్డయ్" అని రిపోర్టు పైకి పోద్ది. పడని రైతు గడపల చుట్టూ తిరగతానే ఉంటాడు. ముందు ఆ ఖాళీలు తీసి, అప్పుడు అడగాలి.

చివరికి లెక్క చూసుకోండి. రెండుసార్లు వచ్చినయ్ తీసేశాక లిస్టులో 312 మంది ఉండి, వేరువేరు రైతులు 309 మందే బయటికొస్తే, ఆ ముగ్గురెవరో తేలేదాకా లేవొద్దు. లిస్టునే టేబుల్‌గా ఎక్కించి 'లెఫ్ట్ జాయిన్' చేస్తే ఆ ముగ్గురూ దొరుకుతారు. అసలు ఫైలుని ముట్టుకోకుండా దాచండి. కామాలు పెట్టిచ్చే ఉచిత వెబ్‌సైట్లలో ఆధార్, ఖాతా నంబర్లు పేస్ట్ చెయ్యొద్దు. అయి ఎవరి చేతికి పోతయ్యో మనకి తెలవదు.

"మీ పేరు సిస్టంలో రాలా" అని రైతుకి చెప్పటం తేలికే. సిస్టంలో మనం ఏం పోశామో ముందు చూసుకోవాలి.