పాఠశాల ప్రగతి – ఉపాధ్యాయుల పరిశోధన

పంచాయతీ సభ్యులు గ్రామములోని పాఠశాలను చూడబోయినప్పుడు సాధారణముగా అడుగు ప్రశ్నలు రెండు: పిల్లలెందరు వచ్చుచున్నారు? పరీక్షలో ఎందరు నెగ్గినారు? ఈ రెండును అడుగదగినవే. కాని మార్కుల పట్టీ వలన పిల్లవాడు వెనుకబడెనని తెలియును గాని, ఎందువలన వెనుకబడెనో తెలియదు. ఆ కారణమును కనిపెట్టగలవారు దినదినము తరగతిలో నుండు ఉపాధ్యాయులే. వారు తమ తరగతిని తామే పరిశీలించి, బోధనలో ఒక మార్పు చేసి, ఫలితమును మరల కొలిచి చూచుకొనుటను కార్యాచరణ పరిశోధన యందురు.

ఈ పేరు 1946లో అమెరికాలో కర్ట్ లెవిన్ అను మనస్తత్వ శాస్త్రవేత్త ప్రకటించిన వ్యాసము వలన ప్రచారమునకు వచ్చినది. 1953లో స్టీఫెన్ కోరీ తన గ్రంథమున దీనిని పాఠశాలలకు అన్వయించి చూపెను. జపాను దేశములో ఉపాధ్యాయులు కొందరు కలిసి ఒక పాఠమును సిద్ధపరతురు. ఒకరు బోధింపగా తక్కినవారు పిల్లలను గమనింతురు. పిమ్మట చర్చించి పాఠమును సవరించుకొందురు. ఈ పద్ధతి అచ్చట చిరకాలముగా నున్నది.

ఒక ఉదాహరణము చూతము. మూడవ తరగతి పిల్లలకు 52లో నుండి 27 తీసివేయుమని లెక్క ఇచ్చినారనుకొందము. సరియైన జవాబు 25. పలువురు 35 అని వ్రాసినారు. తప్పు గుర్తు పెట్టి విడిచినచో సంగతి అంతటితో ముగియును. ఉపాధ్యాయులు పలకలన్నిటిని పోల్చి చూచినచో, అందరును ఒకే విధముగా పొరపడినట్లు కనబడును. 2లో నుండి 7 పోదు గనుక వారు 7లో నుండి 2 తీసివేసినారు. ఒక పదిని విడదీసిన పది ఒకట్లగునన్న సంగతియే వారికి అందలేదు. అప్పుడు చీపురుపుల్లలను పదేసి చొప్పున కట్టించి, ఐదు కట్టలును రెండు విడిపుల్లలును ముందుంచి, ఒక కట్ట విప్పించి 27 పుల్లలు తీయింతురు. రెండు వారముల పిమ్మట అట్టి క్రొత్త లెక్కలే ఇచ్చి, మొదట ఎందరు పొరపడినారో, ఇప్పుడెందరో పుస్తకములో వ్రాసికొందురు. ఇంకను రానివారికి వేరొక మార్గము వెదకుదురు.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము ప్రకారము, ప్రతి బాలుని, ప్రతి బాలిక అభ్యసన శక్తిని గుర్తించి, అవసరమైనచో అదనముగా బోధించుట ఉపాధ్యాయుల విధి. ప్రభుత్వ పాఠశాలలలో యాజమాన్య సంఘముండవలెను. అందు నాలుగింట మూడు వంతులకు తక్కువ కాకుండ తల్లిదండ్రులు, సంరక్షకులు ఉందురు. స్థానిక సంస్థల ప్రతినిధులకును చోటున్నది. పాఠశాల పనిని గమనించుటయు, అభివృద్ధి ప్రణాళికను తయారు చేయుటయు ఈ సంఘము బాధ్యతలు.

ఇచ్చట సభ్యులకు మా మనవి ఒకటి. ఇందరు పిల్లలకు తీసివేత రాలేదని ఉపాధ్యాయులు పుస్తకము తెరచి చూపినప్పుడు, దానినే నేరముగా నెంచి సభలో నిందించినచో, మరుసటి నెల ఆ పుస్తకములో అన్నియు ఒప్పులే కనబడును. పిల్లలకు మాత్రము లెక్క రాదు. దాచిన రోగమునకు మందు లేదు. కావున రాబోవు సమావేశములో మూడు ప్రశ్నలు అడుగుడు: పిల్లలు ఏ పాఠమున ఆగిపోయినారు? అందులకు మీరేమి మార్చి చూచితిరి? మరల కొలిచినప్పుడు ఏమి తేలినది? పిమ్మట నాలుగవది కూడ అడుగుడు: ఇందుకు పంచాయతీ చేయవలసిన సాయమేమి?