కంపెనీ మారితే వీసా ఏమవుతుంది?

మన హాస్టల్లో హెచ్‌-1బి మాట వస్తే చర్చంతా లాటరీ దగ్గరే ఆగిపోతుంది. తగిలిందా, లేదా, అంతే. తగిలిన తర్వాత కథేంటో ఎవరూ మాట్లాడరు. డాలస్‌లో ఉండే మా బావ ఆ మధ్య కంపెనీ మారాడు. నెలన్నర పాటు అక్కతో వీడియో కాల్ అంటే కాగితాల గొడవే. అప్పుడు విన్నవీ, తర్వాత కూర్చుని చదివినవీ కలిపి రాస్తున్నాను.

ముందు ఒక చిక్కుముడి విప్పాలి. పాస్‌పోర్టులో అతికించే వీసా స్టాంపు వేరు, అమెరికాలో ఉండే అనుమతి వేరు. స్టాంపు దేశంలోకి అడుగుపెట్టడానికే. లోపల ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది ఐ-94 అనే రికార్డు. స్టాంపు గడువు అయిపోయినా ఐ-94 తేదీ మిగిలుంటే దర్జాగా ఉద్యోగం చేసుకోవచ్చు. స్టాంపు బాగానే ఉండి ఐ-94 దాటిపోతే మాత్రం ఇబ్బందే. మనం ‘వీసా ఎక్స్‌టెన్షన్’ అనేది నిజానికి ఈ ఐ-94 పొడిగింపు. (పాస్‌పోర్టు గడువు తక్కువుంటే ఎయిర్‌పోర్టులో ఐ-94 కూడా ఆ తేదీ వరకే ఇస్తారు. దిగిన రోజే వెబ్‌సైట్‌లో చూసుకోవడం మంచిది.)

రెండోది, హెచ్‌-1బి మన పేరు మీద ఉన్నా అది కంపెనీకి కట్టేసి ఉంటుంది. అందరూ ‘ట్రాన్స్‌ఫర్’ అంటారు గానీ, ఏదీ అక్కణ్ణించి ఇక్కడికి మారదు. కొత్త కంపెనీ మొదటి నుంచి పిటిషన్ వేయాల్సిందే. ముందు కార్మిక శాఖలో ఎల్‌సీఏ, దానికి ఏడు పనిదినాలు. అది చేతికొచ్చాక యూఎస్‌సీఐఎస్‌కి ఐ-129 ఫారం. పొడిగింపు కూడా అదే ఫారంలో అడుగుతారు, ఒకేసారి గరిష్ఠంగా మూడేళ్లు. మన వైపు నుంచి ఇవ్వాల్సింది డిగ్రీ కాగితాలు, పాత ఐ-797, ఈమధ్య పేస్లిప్పులు. ఇన్నాళ్లూ సక్రమంగా ఉద్యోగంలోనే ఉన్నాడని చూపించేవి ఆ పేస్లిప్పులే. లాటరీ మళ్లీ ఉండదు. కాకపోతే లాటరీ అక్కర్లేని యూనివర్సిటీ ఉద్యోగంలోంచి మామూలు కంపెనీకి వెళ్లేవాళ్లు మాత్రం అందులో దిగాల్సిందే.

2000లో వచ్చిన చట్టం పుణ్యమా అని, పిటిషన్ అందిన దగ్గర్నుంచే కొత్త ఉద్యోగంలో చేరొచ్చు, అప్రూవల్ కోసం ఆగక్కర్లేదు. వినడానికి బాగుంది కదా! చేరాక తిరస్కరిస్తే? అప్పటికే పాత ఐ-94 తేదీ దాటిపోయుంటే ఆ రోజే పని ఆపేయాలి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు కూడా ఇక్కడే తగులుతుంది. దేశంలోనే ఉండి పొడిగింపు పొందినవాళ్లకు అది వర్తించదని అక్టోబర్‌లో వివరణ ఇచ్చారు. పొడిగింపుకు అర్హత లేదని తేలితే మాత్రం మీద పడుతుంది.

అందుకే బావ అప్రూవల్ చూశాకే రాజీనామా ఇచ్చాడు. ప్రీమియం ప్రాసెసింగ్‌కి డబ్బు కడితే 15 పనిదినాల్లో ఏదో ఒక స్పందన వస్తుంది. “రెండు వారాలకి భయమెందుకు” అని అక్క దెప్పింది గానీ, నా ఓటు బావకే. అన్నట్టు, పిటిషన్‌తో పాటు కంపెనీ కట్టాల్సిన ట్రెయినింగ్ ఫీజును ఉద్యోగి చేత కట్టించకూడదని చట్టంలోనే ఉంది. “ఖర్చంతా నువ్వే పెట్టుకో” అనే కన్సల్టెన్సీని మొదటి రోజే అనుమానించాలి.

లేఆఫ్ అయితే లెక్క వేరు. 2017 జనవరి నుంచి 60 రోజుల వెసులుబాటు ఉంది. ఐ-94 అంతకన్నా ముందే ముగిస్తే ఆ తేదీ వరకే. ఆ రోజుల్లో ఉండొచ్చు, పని చేయకూడదు. పైకి రెండు నెలల్లా కనిపిస్తుంది గానీ, ఆఫర్ 45వ రోజున వచ్చిందనుకోండి. ఎల్‌సీఏకి ఏడు పనిదినాలు, లాయర్‌కి కాగితాలు అందడానికి మరో రెండు మూడు రోజులు, మధ్యలో శని ఆదివారాలు. 60వ రోజు లోపు పిటిషన్ అక్కడికి చేరి తీరాలి. అంటే ఉద్యోగం వెతుక్కోవడానికి నిజంగా దొరికేది ఆరు వారాలే.

ఇంట్లోవాళ్ల సంగతి చాలామందికి తట్టదు. బావ పిటిషన్‌లో అక్క, పాప ఆటోమేటిక్‌గా రారు. వాళ్ల హెచ్‌-4 పొడిగింపుకి ఐ-539 అని వేరే దరఖాస్తు పెట్టాలి. బావకి మూడు వారాల్లో వచ్చేసింది, అక్కది నెలల తరబడి నానింది. టెక్సస్‌లో మనలాంటివాళ్ల డ్రైవింగ్ లైసెన్స్ గడువు కూడా ఈ తేదీలనే పట్టుకుని ఉంటుంది. అక్క లైసెన్స్ మధ్యలో అయిపోయింది. బస్సు కూడా రాని వీధిలో ఇల్లు, పాపని బడికి దింపేదెవరు? పొద్దున్నే పక్కింటి వాళ్లను బతిమాలుకోవడమే. పెండింగ్ రసీదు పట్టుకుని లైసెన్స్ ఆఫీసుకి ఎన్నిసార్లు తిరిగిందో!

హెచ్‌-1బి మొత్తం పరిమితి ఆరేళ్లు. కంపెనీ మారినా ఆ లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలవదు, ఇండియాలో గడిపిన రోజుల్ని మాత్రం తిరిగి కలుపుకోవచ్చు. ఆరేళ్లు దాటాలంటే గ్రీన్‌కార్డు పని ఒక దశ వరకు నడిచి ఉండాలి. ఐ-140 అప్రూవ్ అయ్యి, మన దేశం వాళ్ల వంతు ఇంకా రాకపోతే మూడేళ్ల పొడిగింపు దొరుకుతుంది. అప్రూవై 180 రోజులు దాటితే, పాత కంపెనీ దాన్ని వెనక్కి తీసుకున్నా మన క్యూ తేదీ పోదు. బావ మారేముందు క్యాలెండర్‌లో లెక్కపెట్టింది ఈ 180నే, జీతం పెంపు ఆ తర్వాత సంగతి.

ఇక ప్రయాణాలు. పాత కంపెనీ పేరున్న స్టాంపుకి గడువుంటే, కొత్త ఐ-797 తోడు పెట్టుకుని దాంతోనే తిరిగి వెళ్లొచ్చు. గడువు అయిపోతే మాత్రం ఇండియా వచ్చినప్పుడు మళ్లీ స్టాంపింగ్, మనవాళ్లలో చాలామందికి అది నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లోనే. అక్కావాళ్లది అయిపోయింది. అపాయింట్‌మెంట్ దొరికాకే టికెట్లు కొంటామన్నారు.