ఇంజిను శక్తి ఏ చక్రాలకు?

కుటుంబం కోసం పాత కారు కొనదలచినవారు రంగును, సీట్లను, తిరిగిన కిలోమీటర్లను పరిశీలిస్తారు. ఇంజిను శక్తి ఏ చక్రాలకు అందుతున్నదని అడిగేవారు అరుదు. రాబోయే మరమ్మతులు ఎలాంటివో చాలావరకు ఆ ప్రశ్నే తేల్చుతుందని మా అభిప్రాయం.

1983లో వచ్చిన మారుతి 800 మొదలుకొని మన చిన్న కార్లలో అత్యధికం ముందు చక్రాల బలంతో నడిచేవే. చక్రం మలుపు తిరుగుతూనే శక్తిని అందుకోవాలి గనుక వీటి యాక్సిల్ చివర సి.వి. జాయింటు ఉంటుంది. అందులోని గ్రీజును కాపాడే రబ్బరు తొడుగును మెకానిక్కులు 'బూటు' అంటారు. బూటు చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్మూ నీరూ లోపలికి చేరుతాయి. ఆ దశలోనే బూటు మార్చి కొత్త గ్రీజు నింపిస్తే స్వల్ప వ్యయంతో సరిపోతుంది. అశ్రద్ధ చేస్తే జాయింటే అరిగిపోతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి కదిలినప్పుడు వినవచ్చే 'టకటక' శబ్దం దానికి గుర్తు. ఇక జాయింటునో, మొత్తం యాక్సిల్‌నో మార్చక తప్పదు.

అంబాసిడర్, ఓమ్ని, బొలెరో వంటి బండ్లలో శక్తి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్టు గుండా వెనుక చక్రాలకు చేరుతుంది. మనుషులూ సామానూ నిండినప్పుడు వెనుక చక్రాలపై బరువు పడి పట్టు పెరుగుతుంది. అయితే డిఫరెన్షియల్‌లోని నూనెను చాలామంది మరచిపోతారు. ఇంజిన్ ఆయిల్ అంత తరచుగా అక్కరలేదు గాని, కంపెనీ పుస్తకం చెప్పిన గడువుకు దానినీ మార్పించాలి. షాఫ్టు క్రాస్ జాయింట్లు అరిగితే బండి కదలగానే 'ఠక్' మంటుంది.

థార్ వంటి వాహనాలలో లివరు వేస్తే నాలుగు చక్రాలకూ శక్తి అందుతుంది. ఇది ఇసుకకు, బురదకు ఉద్దేశించినది. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. పొడి తారురోడ్డుపై ఆ లివరు వేస్తే అందుకు వీలు చిక్కక గేర్లపై తీవ్రమైన ఒత్తిడి పడుతుంది. గొప్ప కోసం వేసేవారు ఈ సంగతి గ్రహించాలి.

అమ్మేవారికీ ఒక మాట. చిక్కని నూనె పోసి డిఫరెన్షియల్ మోతను తాత్కాలికంగా అణచే పద్ధతి ఒకటి ఉంది. దైవప్రవక్త (సఅసం) అంగడిలో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, పైన పొడిగా ఉన్న ఆ ధాన్యం లోపల తడిసి ఉండటాన్ని గమనించి వర్తకుణ్ణి మందలించిన ఉదంతం మన పాఠకులకు తెలిసినదే. ఆ నూనె కూడా అటువంటి పొడి ధాన్యమే. జాయింటు అరిగి ఉంటే చెప్పి, ఆ మేరకు ధర తగ్గించి అమ్మవచ్చు.

కొనేవారు బండిని ఖాళీ మైదానానికి తీసుకెళ్లి, స్టీరింగు ఇరువైపులా పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడిపి వినాలి. పిదప నమ్మకమైన మెకానిక్కు చేత క్రింది భాగాన్ని చూపించుకోవాలి.