ఈస్ట్ కణం విషాన్ని ఎలా విరుస్తుంది?

బ్రెడ్డుకు వాడే ఈస్ట్‌ను గోరువెచ్చటి నీళ్లలో కలిపి, దాని మీద మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయండి. క్షణాల్లో తెల్లటి నురుగు పొంగుతుంది. ఆ బుడగల్లో ఉన్నది ఆక్సిజన్. ఈస్ట్ కణాల్లోని కాటలేజ్ అనే ఎంజైమ్ పెరాక్సైడ్‌ను నీరుగా, ఆక్సిజన్‌గా విడగొట్టడం వల్లే ఆ పొంగు.

పెరాక్సైడ్‌ను విరిచే ఏర్పాటు ఈస్ట్‌కు ఎందుకు? ఆ విషం దాని లోపలే నిత్యం పుడుతుంది కనుక. ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసుకునేటప్పుడు మైటోకాండ్రియాలో కొన్ని ఎలక్ట్రాన్లు దారి తప్పి నేరుగా ఆక్సిజన్‌తో కలుస్తాయి. దాంతో ముందుగా సూపర్ ఆక్సైడ్ అనే మరో విషం తయారవుతుంది. కొన్ని ఎంజైములకు ప్రాణమైన ఇనుము, గంధకాల అమరికను అది చెడగొడుతుంది.

విరుగుడు రెండంచెల్లో జరుగుతుంది. మొదటి అంచెలో సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ పనిచేస్తుంది. ఈ ఎంజైమ్ చేసే పనిని 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు జో మెకార్డ్, ఇర్విన్ ఫ్రిడోవిచ్ వెల్లడించారు. ఈస్ట్‌లో ఇది రెండు రకాలు: కణద్రవ్యంలో ఎక్కువగా ఉండేదానికి రాగి, జింకు కావాలి, మైటోకాండ్రియాలో ఉండేదానికి మాంగనీసు కావాలి. రెండూ సూపర్ ఆక్సైడ్‌ను పెరాక్సైడ్‌గా మారుస్తాయి.

అంతటితో గండం గడవదు. పెరాక్సైడ్‌కు విడిగా ఉన్న ఇనుము తగిలితే డీఎన్‌ఏను సైతం తెగ్గొట్టే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఆలోపే రెండో అంచె పని ముగించాలి. పెరాక్సైడ్ కొద్దిగా ఉన్నప్పుడు పెరాక్సిరెడాక్సిన్లు అనే ఎంజైములు, పోటెత్తినప్పుడు కాటలేజ్ దాన్ని తొలగిస్తాయి.

కణం ముందుచూపుతోనూ మెలగుతుంది. ముందు కాస్త పెరాక్సైడ్ రుచి చూపిస్తే, యాప్1 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరి రక్షక ఎంజైముల జన్యువులను మేల్కొలుపుతుంది. ఆ తరువాత మామూలుగా ప్రాణం తీసే మోతాదు ఇచ్చినా చాలా కణాలు తట్టుకుంటాయి.

ఈ ఎంజైముల విలువ అవి లేనప్పుడే బాగా తెలుస్తుంది. రాగి, జింకు రకాన్ని తయారుచేసే జన్యువును తీసేస్తే, గాలిలో పెరిగే ఈస్ట్ లైసిన్, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాలను సొంతంగా తయారుచేసుకోలేదు. అవి బయటి నుంచి అందితేనే పెరుగుతుంది. గాలి తగలకుండా ఉంచితే ఆ ఇబ్బంది ఉండదు. అంటే కీడంతా ఆక్సిజన్ వల్లే.

లోపించిన ఆ జన్యువు స్థానంలో మనిషి జన్యువును పెడితే ఈస్ట్ మళ్లీ కోలుకుంటుంది. విషాన్ని విరిచే ఈ పద్ధతి ఈస్ట్‌కూ మనకూ ఉమ్మడి ఆస్తి. మన కణాల రక్షణను అర్థం చేసుకోవడానికి శాస్త్రవేత్తలు ఈస్ట్‌ను ఇంత శ్రద్ధగా పరిశీలించేది అందుకే.