సమీప భవిష్యత్తు: ఫ్రెంచి వ్యాకరణములోనూ, మన నోటిలోనూ

ఫ్రెంచి నేర్చుకొనదలచిన మన విద్యార్థులను మొదట భయపెట్టేది క్రియల పట్టిక. ఒక్కొక్క క్రియకు కాలమునకొక వరుస, వరుసకు ఆరు రూపములు. వాటిని ఇంగ్లీషు ద్వారా కంఠస్థము చేయబోయి, సగములోనే విడిచిపెట్టినవారు కొందరు కాదు. తెలుగు మాధ్యమమున, ఉర్దూ మాధ్యమమున చదివిన తమకు ఆ భాష అందదని వారి నిశ్చయము. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఒక్కటే. ఆ పట్టికలలో మిక్కిలి ఉపయోగకరమైన సమీప భవిష్యత్కాలము మన విద్యార్థులకు ముందే తెలుసును. తెలిసినదని వారికి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఫ్రెంచి మన ప్రాంతములకు పూర్తిగా పరాయిది కాదు. గోదావరీ తీరమందలి యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న తెలుగు పట్టణము. అక్కడ ఇంట తెలుగు, కచేరీలో ఫ్రెంచి వినిపించేవి. 1908లో హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా పారిస్ నగరమున దీర్ఘకాలము నివసించి, ఖురాన్‌ను ఫ్రెంచి భాషలోనికి అనువదించి 1959లో ప్రకటించినారు. ఉర్దూ నోటితో పెరిగినవారికి ఫ్రెంచి అందదనుటకు ఆధారము లేదు.

ఇక విషయమునకు వద్దాము. ఫ్రెంచిలో సమీప భవిష్యత్తు రెండు మాటల కలయికతో ఏర్పడుతుంది. మొదటిది ‘పోవు’ అను అర్థముగల ‘ఆలే’ క్రియ యొక్క వర్తమానకాల రూపము. రెండవది మనము చెప్పదలచిన పనిని తెలిపే క్రియ యొక్క మూలరూపము. మొదటి మాట కర్తను బట్టి మారుతుంది. రెండవది ఎన్నడూ మారదు.

‘ఆలే’ వర్తమాన రూపములివి. నేను: జ వే. నీవు: త్యు వా. అతడు: ఇల్ వా. ఆమె: ఎల్ వా. మేము లేక మనము: ను జాలోఁ. మీరు: వు జాలే. వారు: ఇల్ వోఁ. ఇక్కడ అరసున్న ముక్కుతో పలికే ధ్వనికి గుర్తు. ‘జ వే’లోని ‘జ’ను ఉర్దూ లిపిలోని ‘ఝే’ అక్షరమువలె, అనగా ‘జే’ మీద మూడు చుక్కలున్న అక్షరమువలె పలకవలెను. ‘ను జాలోఁ’, ‘వు జాలే’లలోని ‘జా’ను ఉర్దూ ‘జే’వలె పలకవలెను. ఉర్దూ చదివినవారికి ఈ రెండు ధ్వనుల భేదము ముందే తెలిసినది. ఇంకొక సంగతి. ఈ మాటల చివర వ్రాతలో కనిపించే హల్లులు పలుకులో వినిపించవు.

ఈ రూపములలో ‘వే’, ‘వా’ ఒక తీరున, ‘ఆలోఁ’, ‘ఆలే’ మరొక తీరున ఉన్నవని చూచి వెరవనక్కర లేదు. వేర్వేరు మూలముల నుండి వచ్చిన మాటలు కాలక్రమమున ఒకే క్రియలో చేరినవి. తెలుగులో ‘వచ్చినాడు’ అంటాము, ‘రాలేదు’ అంటాము. ‘వచ్చు’, ‘రా’ అను రెండింటినీ ఒకే క్రియగా వాడుటలో మనకు కష్టమేమీ తోచదు.

ఇప్పుడు రెండవ మాటను చేర్చుదాము. ‘పార్లే’ అనగా మాట్లాడుట. ‘జ వే పార్లే’ అనగా నేను మాట్లాడబోతున్నాను. ‘పార్తీర్’ అనగా బయలుదేరుట. ‘ఇల్ వోఁ పార్తీర్’ అనగా వారు బయలుదేరబోతున్నారు. ‘లీర్’ అనగా చదువుట. ‘ఎల్ వా లీర్’ అనగా ఆమె చదువబోతున్నది.

పై తెలుగు వాక్యములను ఒకసారి పరికించండి. ‘చదువబోతున్నది’ అను మాటలో ఏమున్నది? ‘చదువన్’ అను తుమున్నర్థక రూపము, దానిపై ‘పోతున్నది’. పాఠశాలలో మనమందరమూ చదివిన సరళాదేశ సంధి చేత ‘పో’ అనునది ‘బో’ అయినది. పాత గ్రంథములలో ‘చదువఁబోవు’ అని అరసున్నతో వ్రాసేవారు. అనగా మన సమీప భవిష్యత్తులోనూ ఉన్నది ‘పోవు’ ధాతువే. ఫ్రెంచివారు ‘పోవు’ను ముందుంచి పనిని వెనుక చెబుతారు. మనము పనిని ముందు చెప్పి ‘పోవు’ను వెనుక చేర్చుతాము. వరుస తప్ప కట్టడము ఒక్కటే. ‘కాబోయే అల్లుడు’ అన్నప్పుడు మనము వాడేదీ ఇదే కట్టడము.

ఉర్దూ సంగతీ ఇట్టిదే. ‘మైఁ లిఖ్‌నే వాలా హూఁ’ అనవచ్చును, ‘మైఁ లిఖ్‌నే జా రహా హూఁ’ అనవచ్చును. రెండవ వాక్యమున ‘జానా’ స్పష్టముగా కనిపిస్తున్నది. అంతేకాదు, ‘లిఖూఁగా’ అనునప్పటి ‘గా’ కూడ ‘పోయిన’ అను అర్థముగల సంస్కృత ‘గత’ శబ్దము నుండి వచ్చినదని భాషాశాస్త్రజ్ఞులు సాధారణముగా చెబుతారు. రేపటిని గూర్చి పలుకునప్పుడు నడకను తలచుట మన రెండు భాషలకూ అలవాటే.

వ్యతిరేకార్థమునకు ఫ్రెంచిలో ‘న’, ‘పా’ అను రెండు చిన్న మాటలున్నవి. అవి ‘ఆలే’ రూపమునకు ఇరువైపులా నిలుస్తాయి. ‘జ న వే పా పార్తీర్’ అనగా నేను బయలుదేరబోవడము లేదు. తెలుగులోనూ ‘లేదు’ అనునది ‘బోవు’నే అంటిపెట్టుకొన్నది గదా! సర్వనామము మాత్రము మూలరూపమునకు ముందు చేరుతుంది. ‘జ వే ల లీర్’ అనగా నేను దానిని చదువబోతున్నాను. ఈ ‘ల’ను ‘వే’కు ముందుంచుట పొరపాటు. ‘లేచుట’వంటి కొన్ని క్రియలకు కర్తను సూచించే చిన్న మాట కూడ కావలెను. అది కర్తతో పాటు మారుతుంది: జ వే మ లవే, త్యు వా త లవే, ఇల్ వా స లవే. ప్రశ్న అడుగుటకు ముందు ‘ఎస్ క’ చేర్చిన చాలును. ‘ఎస్ క త్యు వా వెనీర్’ అనగా నీవు రాబోతున్నావా?

రూపము తెలిసినది. ఎప్పుడు వాడవలెను? ఫ్రెంచిలో మరొక భవిష్యత్కాలము గలదు. మూలరూపమునకు ప్రత్యయము చేర్చి ‘జ పార్లరే’ అంటారు. నేను మాట్లాడుతాను అని అర్థము. ఈ ప్రత్యయము ‘కలిగియుండు’ అను అర్థముగల క్రియ నుండి పుట్టినది. ఈ సామాన్య భవిష్యత్తు దూరపు సంగతులకు, వాగ్దానములకు, జోస్యములకు, ‘నీవు వచ్చిన యెడల ఇస్తాను’ వంటి షరతులకు తగినది. సమీప భవిష్యత్తుకు కావలసినది గడియారములోని నిమిషముల లెక్క మాత్రమే కాదు. రాబోయే దానికి బీజము వర్తమానములో కనిపించవలెను. భద్రకాళి చెరువుపై నల్లని మబ్బు క్రమ్మినప్పుడు ‘ఇల్ వా ప్లవ్వార్’, అనగా వాన కురియబోతున్నది అంటారు. మబ్బు లేని నాడు వచ్చే వారమును గూర్చి చెప్పవలసినచో సామాన్య భవిష్యత్తే మేలు. తెలుగులో ‘వాన కురుస్తుంది’, ‘వాన కురియబోతున్నది’ అను మాటల మధ్య గల భేదమే ఇది.

మన విద్యార్థులు జాగ్రత్త పడవలసిన చోటు ఒకటున్నది. తెలుగులో ‘నేను ప్రతిదినము వస్తాను’, ‘నేను వచ్చే ఏడు వస్తాను’ అని రెంటికీ ఒకే రూపము చాలును. ఫ్రెంచిలో మొదటిదానికి వర్తమానము, రెండవదానికి భవిష్యత్తు వాడుతారు. కనుక ‘వస్తాను’ అను మాట ఎదురైనప్పుడు అది అలవాటా, రేపటి మాటా అని ముందుగా విచారించవలెను.

ఇంతకంటె పెద్ద చిక్కు భూతకాలమున ఉన్నది. ‘పిల్లవాడు పడబోయాడు’ అంటాము. పడలేదు, త్రుటిలో తప్పినది అని భావము. ఇక్కడ ‘పోయాడు’ అనునది జరిగిపోయిన పనిని చెప్పే భూతకాలము గనుక, విద్యార్థి ఫ్రెంచిలోనూ అట్టి భూతకాలమునే వెదకి ‘ఇల్ ఎ తాలే తోఁబే’ అని వ్రాస్తాడు. దాని అర్థము ‘పడుటకై వెళ్ళినాడు’ అని! సరియైనది ‘ఇల్ ఆలే తోఁబే’. ఇందలి ‘ఆలే’ అసంపూర్ణ భూతకాల రూపము. పలుకులో మూలరూపమునకు దగ్గరగా ఉన్నా వ్రాతలో వేరుగా ఉంటుంది. ఈ కట్టడములో ‘ఆలే’ క్రియకు రెండే కాలములు చెల్లుతాయి: వర్తమానము, అసంపూర్ణ భూతము. మరి ఏ కాలములో వాడినా అది నిజమైన నడక అవుతుంది.

వర్తమానములో సయితము ఒక్కొక్కప్పుడు సందేహము కలుగుతుంది. ‘ను జాలోఁ వ్వార్ ల ఫోర్’ అనగా మనము కోటను చూడబోతున్నాము అనియూ, కోటను చూచుటకు వెళ్ళుచున్నాము అనియూ అర్థము. ఖిలా వరంగల్ తోరణముల వైపు నడిచేవారికి రెండు అర్థములూ సరిపోతాయి. తెలుగులో ఈ సందేహము లేదు. ‘చూడబోవు’ వేరు, ‘చూచుటకు పోవు’ వేరు. సంధి జరిగిన చోట నడక మరుగై కాలము మిగిలినది.

‘పోవు’ అన్నంతనే అన్ని భాషలలోనూ భవిష్యత్తే అవుతుందని భ్రమపడరాదు. ఫ్రెంచికి సోదరియైన కటలాన్ భాషలో, అనగా స్పెయిన్ దేశపు తూర్పు తీరమందలి భాషలో, ‘పోవు’ వర్తమాన రూపమునకు మూలరూపమును చేర్చితే జరిగిపోయిన పనిని చెబుతుంది. కనుక తెలుగునకూ ఫ్రెంచికీ కుదిరిన ఈ పోలికను అన్నిటికీ వర్తించే సూత్రమని భావింపరాదు. దానిని గుర్తించి వినియోగించుకొనుట మన పని.

మాతృభాషను ప్రక్కకు నెట్టి విదేశభాషను నేర్పుట మెట్లు తీసివేసి మేడ ఎక్కుమనుటయే. తెలుగు, ఉర్దూ రెండూ వినిపించే మన కళాశాలలో మెట్లు రెండు వరుసలున్నవి. ఫ్రెంచి నేర్వగోరేవారి కొరకు ఈ రెండు భాషలలో కొద్దిపాటి పాఠములు వ్రాయించి గ్రంథాలయమున ఉంచవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. వ్యయము స్వల్పము. విద్యార్థులకు మా మనవి ఇంకా చిన్నది. నేటి సాయంత్రము వరకు మీ నోట ‘బోతున్నాను’ అను మాట ఎన్నిసార్లు వచ్చునో లెక్కించి, ఆ వాక్యములలో ఐదింటిని ‘జ వే’తో మొదలుపెట్టి వ్రాసి చూడండి. భయపడిన పట్టికలలో ఒకటి తీరినట్లే.