పెళ్లితోనే మొదలవ్వాల్సిన మాత్ర

మైదుకూరు చుట్టుపక్కల పల్లెల్లో కోడలు నెల తప్పిన కబురు బయటికి రావడానికి ఒక వరస ఉంటుంది. ముందు మొగుడికి, ఆ తర్వాత అమ్మకు, వేవిళ్లు దాచలేనంతగా ముదిరాక అత్తకు తెలుస్తుంది. దిష్టి తగులుతుందని మూడో నెల వచ్చేదాకా ఇరుగుపొరుగుకు చెప్పరు. ఆశా కార్యకర్త చెవిన పడి, పేరు రిజిస్టరుకెక్కి, ఏఎన్ఎమ్ మాత్రలు చేతిలో పెట్టేసరికి పదో వారమో పన్నెండో వారమో అవుతుంది. పన్నెండు వారాల్లోపు నమోదైతే సర్కారు లెక్కలో అది సకాలమే. రక్తహీనత వరకూ ఆ లెక్క సరిపోతుంది కూడా. అయితే ఆ మాత్రల్లో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ యాసిడ్‌కు ఇంకో పని ఉంది. బిడ్డ మెదడు, వెన్నుపాము సరిగ్గా ఏర్పడేందుకు తోడ్పడటం ఆ పని. దానికి పదో వారమంటే నెల రోజులు ఆలస్యం. మాత్ర మంచిదే, ఇచ్చేవాళ్లూ శ్రద్ధగానే ఇస్తున్నారు, మొదలుపెట్టే తేదీ దగ్గరే వస్తోంది చిక్కంతా.

పిండం ఏర్పడిన మూడో వారంలో దాని వీపు వైపు చదునైన పొర ఒకటి ఉంటుంది. తమలపాకును ఈనె వెంబడి మడిచి రెండంచులూ కలిపినట్టు ఆ పొర ముడుచుకుని గొట్టమవుతుంది. పై కొస మెదడుగా, మిగతాది వెన్నుపాముగా ఎదుగుతాయి. గర్భం నిలిచిన 28వ రోజుకల్లా ఈ గొట్టం మూసుకోవాలి. నెలసరి లెక్కన చూస్తే, రావాల్సిన తేదీ దాటి రెండు వారాలు. ‘ఈసారి ఆలస్యమైందేమో, నాలుగు రోజులు చూద్దాం’ అనుకునే రోజులవి. పై కొస తెరిచే ఉండిపోతే మెదడు, తల పైభాగం ఏర్పడవు. అలాంటి బిడ్డ కాన్పులోనే పోతుంది, లేదా పుట్టాక గంటలో రోజులో బతుకుతుంది. కింది భాగం మూసుకోకపోతే వెన్ను మీద నీటితిత్తితో పుడుతుంది. కాళ్లు చచ్చుబడటం, మలమూత్రాల మీద పట్టు లేకపోవడం, తలలో నీరు చేరడం దాని వెంట వస్తాయి. ఆపరేషన్‌తో ఆ వెన్నును మూయగలరు గానీ పాడైన నరాలను తిరిగి తేలేరు. కణాలు వేగంగా విభజన చెందే ఆ కొద్ది రోజుల్లో కొత్త డీఎన్ఏ తయారీకి ఫోలేట్ కావాలి. టిఫా స్కాన్ అయిదో నెలలో లోపాన్ని చూపిస్తుంది తప్ప ఆపలేదు.

ఈ విటమిన్ కథలో మనవాళ్ల పాత్ర చిన్నదేమీ కాదు. 1928లో బొంబాయి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్, మిల్లు కార్మిక స్త్రీలకు గర్భంతో ఉన్నప్పుడు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతోందని 1931లో ప్రకటించింది. అందులోని పదార్థాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన లెడర్లీ సంస్థ బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ సంస్థ నుంచే ఫోలిక్ యాసిడ్ పనిని అడ్డుకునే అమినాప్టెరిన్ అనే మందూ వచ్చింది. రక్త కాన్సర్ పిల్లల కోసం పుట్టిన ఆ మందును కొందరు వైద్యులు గర్భస్రావానికి వాడి చూశారు. ఆ గర్భాల్లో మెదడు, తల సరిగా ఏర్పడని పిండాల గురించి 1952లో నివేదిక వెలువడింది. ఫోలేట్ అందకపోతే ఏమవుతుందో దాంతోనే ఒక సూచన దొరికింది. అది రుజువుగా మారడానికి మరో నలభై ఏళ్లు పట్టింది. అప్పటికే ఒక బిడ్డను ఈ లోపంతో కన్న తల్లులతో ఏడు దేశాల్లో జరిపిన పరీక్ష ఫలితం 1991లో వచ్చింది. గర్భానికి ముందు నుంచీ ఫోలిక్ యాసిడ్ తీసుకున్నవాళ్లలో ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. తొలిసారి రాకుండానూ ఆపవచ్చని మరుసటి ఏడాది హంగేరీ పరీక్ష తేల్చింది.

మనకు అన్నిటికన్నా పనికొచ్చేది చైనా అనుభవం. 1993–95 మధ్య అక్కడ పెళ్లికి ముందు చేసే వైద్య పరీక్ష నాటి నుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర ఇచ్చారు. చెప్పిన సమయంలో వేసుకున్నవాళ్లలో, ఉత్తర ప్రాంతాల్లో ఈ లోపాలు వెయ్యికి 4.8 నుంచి 1కి దిగాయి. మొదటే తక్కువగా ఉన్న దక్షిణాన తగ్గుదల 41 శాతమే. ఈ తేడా గమనించదగ్గది: లోపాలు ఎక్కువున్న చోటే మాత్ర లాభమూ ఎక్కువ. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వెయ్యి కాన్పులకు నాలుగుకు పైనే తేలుతోంది, అంటే ఉత్తర చైనాకు దగ్గర. రాయలసీమకు పొరుగున, ఇలాంటి మెట్ట నేలల మధ్యనే ఉన్న దావణగెరెలో 1980ల చివర్లో వైద్యులు లెక్కిస్తే వెయ్యికి 11 దాటింది. ఆసుపత్రి లెక్కలో కష్టమైన కాన్పులు ఎక్కువ చేరతాయి కాబట్టి కొంత తగ్గించుకుని చూసినా అది పెద్ద సంఖ్యే. మేనరికాల వల్లనే ఇదంతా అనేవాళ్లూ ఉన్నారు. దగ్గరి సంబంధాల వల్ల కొన్ని లోపాలు పెరిగేమాట నిజం. కానీ మేనరికం చేసుకున్న జంటకు ఫోలిక్ యాసిడ్ పనికిరాదని దాని అర్థం కాదు. గ్రహణం పట్టిందని ఆడమనిషిని ఆడిపోసుకునే ఊళ్లలో ఈ మాట గట్టిగానే చెప్పాలి.

‘మా అవ్వ ఏ మాత్ర మింగింది? సంగటి, బ్యాళ్లు, ఆకుకూర తిని ఎనిమిది మందిని కనలేదా?’ అన్న ప్రశ్న వస్తుంది. ఆ కన్న ఎనిమిది మందిలో ఎందరు దక్కారో, పుట్టీపుట్టకనే పోయిన బిడ్డ ఎందుకు పోయిందో ఎవరూ రాసిపెట్టలేదు. ఆకుకూరలు, అలసందలు, చెనిక్కాయలు ఫోలేట్‌కు మంచి ఆధారాలే, ఎవరూ మానకూడదు. అయితే ఆహారంలోని ఫోలేట్ వేడికి నిలవదు, ఉడికించిన నీళ్లలోకి దిగిపోతుంది, మిగిలిందీ మాత్రలోని దానంత బాగా ఒంటబట్టదు. 1996లో వెలువడిన ఉత్తర ఐర్లండ్ అధ్యయనంలో కొందరు మహిళల చేత ఫోలేట్ ఎక్కువున్న ఆహారం తినిపించి చూశారు. మాత్రలు వాడినవాళ్లకు, ఫోలిక్ యాసిడ్ కలిపిన ఆహారం తిన్నవాళ్లకు పెరిగినట్టు వాళ్ల రక్తంలో ఫోలేట్ చెప్పుకోదగ్గంత పెరగలేదు. ఎండాకాలం ఆకుకూర కట్ట చిక్కడమే కష్టమైన మెట్ట పల్లెలో కూరతోనే సరిపెట్టుకోమనడం తేలికైన సలహా, ఆచరణలో ఉత్త మాట.

ఇంకో అడ్డంకి పుస్తకాల్లో కనబడదు. కొత్త కోడలు రోజూ ఏదో మాత్ర వేసుకుంటుంటే, పిల్లలు వద్దని మింగుతోందేమోనని అత్తింట్లో అనుమానం. ఇనుము మాత్రలతో మలం నల్లబడి, కడుపు గట్టిపడిన చెల్లెలినో వదిననో చూసినవాళ్లు ‘మాత్రలు వేడి చేస్తాయి’ అంటారు. ఇది పిల్లలు పుట్టకుండా ఆపే మాత్ర కాదు. ఉత్త ఫోలిక్ యాసిడ్ మాత్రతో ఆ బాధలూ ఉండవు. ఈ రెండు మాటలూ ఆ అమ్మాయికి ఒక్కదానికే చెప్తే లాభం లేదు, అత్తనూ మొగుణ్ణీ కూర్చోబెట్టి చెప్పాలి.

చౌకదుకాణం బియ్యంలో ఫోలిక్ యాసిడ్ కలుపుతూ వచ్చారు కదా, ఇంకా మాత్ర ఎందుకని అడగవచ్చు. ప్లాస్టిక్ బియ్యమని జనం ఏరి పారేస్తున్న ఆ గింజల్లోనే ఉంది ఈ విటమిన్. పారేయకుండా తినాలి. కానీ నిబంధనల ప్రకారం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములే. రోజుకు 400 గ్రాముల బియ్యం తిన్నా 50 దాటదు, కావాల్సిన దాంట్లో ఎనిమిదో వంతు. గంజి వార్చి పారబోస్తే ఇంకా తక్కువ. కిశోర బాలికలకిచ్చే వారపు నీలి మాత్రలో 500 మైక్రోగ్రాములు ఉంటాయి. ఈ లోపాలు ఆపాలంటే వారపు మోతాదు 2,800 ఉండాలంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. ఉప్పులో కలపడం మంచి దారే కావచ్చు. అమెరికాలోని న్యూరోసర్జన్ జోగి పట్టిసపు బృందం 2022లో దక్షిణ భారత పల్లెల్లో 83 మంది మహిళలకు అలాంటి ఉప్పు ఇస్తే, నాలుగు నెలల్లో రక్తంలో ఫోలేట్ మూడున్నర రెట్లు దాటింది. ఫోలిక్ యాసిడ్ ఎక్కువైతే బి12 లోపం కనబడకుండా మరుగున పడుతుందన్న భయం పూర్తిగా వట్టిది కాదు. పెద్ద మోతాదుల్లో అది జరగవచ్చు. 400 మైక్రోగ్రాములు దానికి చాలా దిగువ. మాంసం, పాలు తక్కువ తినేవాళ్లకు బి12 కూడా కలిపి ఇవ్వాలనడానికి అది కారణమవుతుంది గానీ, ఫోలిక్ యాసిడ్ ఆపడానికి కాదు.

రక్తహీనత ముక్త భారత్ మార్గదర్శకాల్లోనే గర్భానికి ముందు నుంచి తొలి మూడు నెలల దాకా రోజూ 400 మైక్రోగ్రాములని ఉంది. కాగితం మీది ఆ వాక్యాన్ని ఊళ్లోకి తేవడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. పెళ్లైన జంటల పేర్లతో ‘అర్హులైన దంపతుల’ రిజిస్టరు ఆరోగ్య సిబ్బంది దగ్గర ఉండనే ఉంది. కొత్త జంట ఎవరో, రెండో బిడ్డ కోసం కాపర్-టి తీయించుకున్నది ఎవరో, మాలా-ఎన్ మాత్రలు ఆపేసింది ఎవరో అందులో తెలుస్తుంది. ఇప్పుడా రిజిస్టరును ఎక్కువగా పిల్లలు పుట్టకుండా చూసే పనికే వాడుతున్నారు. కాపర్-టి తీసిన రోజే ఫోలిక్ యాసిడ్ మాత్రల పట్టీ ఒకటి చేతికివ్వడం ఆ బల్ల దగ్గరే అయ్యే పని. అప్పటికే వెన్ను లోపంతో బిడ్డను కన్న తల్లి, మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్న యువతి, చక్కెర వ్యాధి ఉన్నామె మాత్రం ఈ పట్టీతో సరిపెట్టుకోకూడదు. వాళ్లకు ఇంకా పెద్ద మోతాదు అవసరం కావచ్చు, మూర్ఛ మందు మార్చాల్సి రావచ్చు. ఉన్నపళంగా సొంతంగా మందు ఆపకుండా, గర్భం కోసం ప్రయత్నించే ముందే కడపకో ప్రొద్దుటూరుకో వెళ్లి డాక్టరుతో మాట్లాడాలి.